కంట్రోల్ గేదె

తిరువూరు, మంగళవారం

పశువుల రక్తం పీల్చే పిడుదుల మందు పరీక్షలో సగం గేదెలకు మందు పూస్తాం, తేడా చూడటానికి సగానికి పూయం. పూయనివాటి కార్డు మీద 'కంట్రోల్' అని రాస్తాం. మా వీధి మరియమ్మ పిన్ని గేదె కార్డు మీద ఆ మాట రాసింది నేనే.

పొద్దున పిడుదులు లెక్కపెడుతుంటే గేదె ఒళ్లు కాలిపోతోంది, పిడుదుల జ్వరం. మేత ముట్టలేదు. పిన్ని మాత్రం పక్కింటామెతో, "మాదానికేం భయం లేదొదినా, కంట్రోల్‌లో ఉందని అమ్మాయి రాసిచ్చిందిగా" అంటోంది. బాబాయి షుగర్ కంట్రోల్‌లో ఉన్నట్టే ఇదీ అనుకుంది.

బయటికొచ్చి, ఈ పరీక్ష నడిపే సార్‌కి ఫోన్ చేశాను. "ఇప్పుడు ఇంజెక్షన్ చేయించినా, మందు పూసినా ఆ గేదె మన లెక్కకి పనికిరాదమ్మా. రెండు వారాలు ఓపిక పట్టు" అన్నారు.

ఓపిక పట్టాల్సింది గేదె. నేను నోరు మూసుకుంటే చాలు. తెరిస్తే ఈ ఉద్యోగం ఉండదు, మళ్లీ బయోడేటా పట్టుకుని విజయవాడ బస్సులెక్కాలి.

వచ్చేస్తుంటే పిన్ని పెరుగు గిన్నె చేతిలో పెట్టింది.

"నిన్నటి పాలదే. ఇవాళ చుక్క ఇవ్వలేదు. నువ్వు చూస్తున్నావుగా, రేపిస్తుందిలే."

"ఇస్తుంది పిన్నీ" అన్నాను.

మందు సీసా అప్పుడు నా భుజానున్న బ్యాగులోనే ఉంది. ఇప్పుడూ అందులోనే ఉంది.