చూరు కింద దుప్పట్లు

ఒషావా, కెనడా,
ఫిబ్రవరి 19, గురువారం.

నాన్నకూ అమ్మకూ ప్రేమజ్యోతి వందనాలు. దేవుని దయవల్ల నేనూ, మీ అల్లుడూ, మీ మనవరాలు హోపూ బాగానే ఉన్నాం. జలుబు మాత్రం ముగ్గురినీ వదల్లేదు. ఫోనులో అయితే నువ్వు మధ్యలోనే ఓదార్చడం మొదలుపెడతావు నాన్నా, అందుకే రాస్తున్నాను. ఎవరూ లేనప్పుడు చెల్లి నిఖిల చేత చదివించుకో.

హోప్ తెలుగు మాట్లాడుతోందా అని పోయిన ఉత్తరంలో రాయించావు. అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఇల్లు వెచ్చగా ఉంటోందా అని కూడా అడిగావు. లేదు. ఇంట్లో స్వెటర్లు వేసుకునే తిరుగుతున్నాం, అయినా హీటింగ్ బిల్లు తగ్గలేదు. ఈ చలితో, ఈ ఇంటితో విసిగిపోయాను. అటక పనికిచ్చిన డబ్బు సంతోషం అంకుల్ తిరిగిచ్చాడా అన్నావు. దానికే వస్తున్నాను.

ఆయన ఇక్కడి మా తెలుగు చర్చి మనిషే, నర్సాపురం వైపువాడు. వేడి పైకి పోకుండా అక్టోబరులో మా అటక నిండా దూదిలాంటి కాగితపు పొట్టు పరిచాడు. ఇక్కడ దాన్ని ఇన్సులేషన్ అంటారు. జనవరి చివర ఒకరోజు కాస్త ఎండ కాసింది. హోప్ పరుగెత్తుకుంటూ వచ్చి, "మమ్మీ, ఇట్స్ రెయినింగ్ ఇన్ మై రూమ్!" అంది. సీలింగు నుంచి నీళ్ళు.

వెంటనే ఆయనకు ఫోన్ చేసి, పని చెడగొట్టారు, డబ్బు తిరిగివ్వండని అరిచాను.

"ఒక్కసారి అటకెక్కి చూడనివ్వమ్మా," అన్నాడు.

"మీరు చేసింది చాలు అంకుల్," అన్నాను.

ఆ ఆదివారం చర్చి భోజనాల దగ్గర, ఆయన పని వల్లే ఇల్లు కారుతోందని అందరికీ చెప్పాను. చంద్రిక ఆంటీ తమ ఇంటి పని ఆయనకు ఒప్పజెప్పి ఉంది. "చదువుకున్న పిల్ల ఊరికే అంటదా?" అని అక్కడికక్కడే మానుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు కూడా. చలికాలం పనే ఆయనకు ఏడాదంతా ఆధారం.

మొన్న మంగళవారం ఋజువుకి ఫోటోలు తీద్దామని నేనే అటకెక్కాను. చూరు వెంబడి నా పాత దుప్పట్లు తడిసి, గడ్డకట్టి కర్రల్లా ఉన్నాయి.

అవును నాన్నా, అవి కుక్కింది నేనే. నవంబరులో అటక మీద ఏదో వెతుకుతుంటే చూరు సందుల్లోంచి వెలుతురు కనిపించింది. చెయ్యి పెడితే చల్లగాలి. తుఫాను హెచ్చరిక వస్తే నువ్వు మన చూరు సందుల్లో గోనెసంచులు కుక్కేవాడివి కదా, అలాగే కుక్కేశాను. మంచి పని చేశానని సంతోషపడ్డాను కూడా. ఇక్కడ ఆ సందులు కావాలనే వదులుతారట. ఇంట్లోంచి పైకి చేరే ఆవిరి వాటి గుండానే పోవాలి. పోకపోతే పైకప్పుకి మంచులా పట్టి, ఎండ రాగానే కరిగి కారుతుంది. పని అయ్యాక ఆయనిచ్చిన కాగితంలో ఆ సందులు మూయవద్దని రాసే ఉంది. మన ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా అప్పట్లో. ఆ కాగితం అప్పుడు చదవకుండానే మడిచి సొరుగులో పడేశాను, మొన్న అటక దిగాకే తీసి చదివాను.

మీ అల్లుడికి చెప్పాను. అవసరమైన మాట తప్ప మాట్లాడడం లేదు. నువ్వూ మేస్త్రీవే. నువ్వు కట్టిన గోడకి ఎవరైనా ఇలా వంక పెడితే నీకెలా ఉండేదో అని అదే ఆలోచిస్తున్నాను.

నిన్న సంతోషం అంకుల్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. "ముందు ఆ గుడ్డలు తియ్యాలమ్మా," అని గంటలో వచ్చాడు. ఒక్కొక్కటే పీకి కిందికి విసిరాడు, తడిసిన పొట్టు ఎత్తి సంచుల్లో నింపాడు. టీ ఇస్తే తీసుకోలేదు. బూట్లు వేసుకుంటూ, "చంద్రిక గారికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పుకోమంటావా?" అని అడిగాడు.

"నేనే చెప్తాను అంకుల్. ఆదివారం చర్చిలో అందరూ సాక్ష్యాలు చెప్పే వేళ లేచి చెప్తాను," అన్నాను.

అందరి ముందూ ఎందుకులేమ్మా అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి
ప్రేమజ్యోతి