పత్రికలో నీ ఫొటో

పీటర్‌హెడ్ రేవు, 2016 జూన్ 9

మొర్వెనా,

నేను క్షేమం. నడుం నొప్పి తగ్గింది, బెంగ పెట్టుకోకు.

నిన్న మన న్యూలిన్ పత్రిక ఒకటి పడవలోకి వచ్చింది. యూరప్ కూటమి నుంచి మన దేశం బయటికి రావాలా, అందులోనే ఉండాలా అని ఊళ్ళో జరిగిన చర్చ ఫొటో అందులో పడింది. వేదిక మీద నువ్వు, నీ పక్కన బడి మాస్టారు డెంజిల్. ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతున్నారు. కూటమిలో ఉండాలనే వాళ్ళంతా అలాగే నవ్వుకుంటారా?

వంటవాడు పెరన్ దాన్ని అందరికీ చూపించి, "ఒరే జోరీ, పరాయి పడవలొచ్చి మన చేపలు తోడుకుపోతున్నాయని గోలపెడతావుగా, ముందు నీ ఇల్లు చూసుకోరా!" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. మన పెళ్ళికి ముందు డెంజిల్ తనను చేసుకోమని నిన్ను అడిగాడని వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

మందపాటి మేజోళ్ళు రెండు జతలు పంపు. పొయ్యి గొట్టం దులిపించావా? పిల్లి ఈనిందా?

ఓటింగు జరిగే ఇరవై మూడున నేను సముద్రం మీదే ఉంటాను. నా బదులు నువ్వు ఓటు వేసేలా కాగితం పంపేశాను. నాది బయటికి రావడానికే వెయ్యి. నీకిష్టం లేకపోయినా నా మాట ప్రకారమే వేస్తావు, ఆ విషయంలో నాకు భయం లేదు. నీ ఓటు నీ ఇష్టం.

అమ్మకు నా నమస్కారాలు. ఆ రోజు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళు. డెంజిల్ తోడొస్తానంటే, అత్తగారు ఉన్నారని చెప్పు.

నీ జోరీ