గాజుపెట్టెలో నీ లేసు

ఆ చివరి రోజు నీ జ్వరం తగ్గలేదు. మధ్యాహ్నం లేచి కూర్చుని, లేసులో ఆఖరి పువ్వు అల్లి, "రాజమండ్రి ప్రదర్శనకు పంపుతారుగా అండీ?" అని అడిగావు. పంపుతానన్నాను. దీపాలు పెట్టే వేళకు నువ్వు లేవు.

పంపాను. ఇవాళ వెళ్ళి చూసివచ్చాను. ఊరి తోటలో చిన్న హాలు కట్టి, ఈ కాలంవాళ్ళు వేసిన చిత్రాలూ, చేతిపనులూ పెట్టారు. నీ లేసు గాజుపెట్టెలో ఉంది. దాని కింద చీటీ మీద నా పేరుంది.

నాతో కాలేజీలో చదివిన ప్లీడరొకడు అది చూసి, "ఏమోయ్, బి.ఏ. చదివి లేసు అల్లడం ఎప్పుడు నేర్చావు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

తరువాత అక్కడి గుమాస్తాను నిలదీశాను. "అల్లినావిడ పేరు అడిగితే, మా ఇంటి ఆడవాళ్ళ పేర్లు నలుగురిలో పెట్టం అన్నారు కదండీ! అందుకే మీ పేరు రాశాను" అన్నాడు.

నిజమే, అలా అన్నది నేనే. నీ పేరు పరాయివాళ్ళ నోట పడకపోవడమే పరువనుకున్నాను. స్త్రీవిద్య గురించి సభల్లో ఉపన్యాసాలిచ్చిన నోటితోనే ఆ మాట అన్నాను.

ఇంకో చీటీ నా చేత్తో రాశాను. రేపు పొద్దున హాలు తలుపులు తీయగానే వెళ్ళి, పాతది తీయించి ఇది పెట్టిస్తాను: "అల్లినది నరసాపురం సూరమ్మ."