సరోజ వేళ్లకు అంటిన బూడిద

కరీంనగర్, 12-6-1961

నాకు నేనే రాసుకుంటున్నాను: నువ్వు మోసగాడివి. పిల్లల ఇష్టం అడగాలని సభల్లో అరుస్తావు. నాలుగేళ్ల కూతుర్ని అడగకుండానే హార్మోనియం క్లాసులో చేర్పించావు.

ఇవాళ క్లాసుకు పోతూ సరోజ నా చెయ్యి విడిపించుకుని నేత లింగయ్య ఇంట్లో దూరింది. ఆయన తెగిన పోగులకు బూడిద అద్ది, మెలిపెట్టి అతుకుతున్నాడు. ఇదీ వేళ్లకు బూడిద అద్దుకుని ఒక పోగు అతికింది. లింగయ్య లాగి చూశాడు. ఊడలేదు!

"సారూ, మా పెద్దోనికి గిది రానీకి ఏడాది పట్టింది. మీ ఉపన్యాసం తెగుతది గని గీ పోగు తెగది."

"బాపూ, నేను గీడనే నేర్చుకుంట," అంది సరోజ నాతో.

ఆ చిట్టి వేళ్లనే చూస్తూ నిలబడిపోయాను. మగ్గం దగ్గర నేర్చేది విద్య కాదని నాకెవరు చెప్పారు?

రేపటి నుంచి నువ్వు చేయవలసినవి:

హార్మోనియం మాన్పించాలి.
సరోజను రోజూ లింగయ్య దగ్గర కూర్చోనివ్వాలి.
సంగీతం పంతులుకు పెట్టినట్టే లింగయ్యకూ నమస్కారం పెట్టాలి.
దానికి విసుగొస్తే, మళ్లీ దాన్నే అడగాలి.