పుస్తకంలోని అంకె

ప్రియమైన మామయ్యకి,

అమ్మ, నేను బాగున్నాం. ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు తూకాలు బాగుచేసేవాడివి కాబట్టి ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

మా కాలేజీ నుంచి ఆ పెద్ద విశ్వవిద్యాలయానికి మారాలని దరఖాస్తు పెడుతున్నానని తెలుసుగా. రెండో ఏడాది ఇంజనీరింగులోకి బయటివాళ్ళను వందకి ముగ్గురినే తీసుకుంటారు. మార్కులతో పాటు ల్యాబు రికార్డు కూడా అడిగారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఉక్కు తీగకి కిలో తూకంరాళ్ళు ఒక్కొక్కటే తగిలిస్తూ అది ఎంత సాగిందో కొలవాలి. నాకు పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువే సాగింది. చూసింది చూసినట్టు రాస్తే ఇరవై అయిదుకి పదకొండు మార్కులే వచ్చాయి. మిగతావాళ్ళకి ఇరవై మూడు. తీరా చూస్తే వాళ్ళు తీగ వంక చూడనే లేదు, పుస్తకంలోని అంకె దించేశారు.

ల్యాబు మాస్టారు మంచివారే. రికార్డు మళ్ళీ రాసి తెస్తే మార్కులు దిద్దుతానన్నారు. పదకొండుతో ఆ సీటు రావడం కల్ల. కానీ మామయ్యా, తీగ ఎందుకు సాగలేదు?

నీ మేనకోడలు

*

ప్రియమైన ప్రశ్నల పుట్టకి,

నీ తీగ రెండు రోజులుగా నాకు అన్నం సహించనివ్వడం లేదు. ఆ కాగితం పక్కన పెట్టి తినమని మీ అత్తయ్య రెండుసార్లు కసిరింది.

తీగ సన్నగా ఉంటుంది కాబట్టి అందరూ దాన్నే అనుమానిస్తారు. నేను రాళ్ళని అనుమానిస్తాను. వాటికి సుద్దతో ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి, ఒక్కోదాన్నీ విడిగా తగిలించి చూడు. తేడాలొస్తే దొంగ రాళ్ళలోనే ఉన్నాడు. తర్వాత తిరగేసి చూడు. అడుగున చిన్న గుంటలో సీసం ఉంటుంది. బరువు తగ్గిన రాయిని అక్కడ సీసం పోసే సరిచేస్తాం. అది ఊడిపోయి ఉండొచ్చు.

రికార్డు మాత్రం అప్పుడే తిరగరాయకు.

నీ మామయ్య

*

ప్రియమైన మామయ్యకి,

దొంగ దొరికాడు. నాలుగో రాయి ఒక్కటే పుస్తకం చెప్పినట్టు సాగదీసింది. మిగతా తొమ్మిదీ తక్కువే. నమ్మలేక మూడుసార్లు చూశాను. సందు చివరి కొట్లో తూయిస్తే నాలుగోది సరిగ్గా కిలో, మిగతావి తలా ఎనభై గ్రాముల దాకా తక్కువ. కొట్టు త్రాసు సాక్ష్యం కాదు, నీలా తూకాల లైసెన్సున్న మనిషి రాసివ్వాలన్నారు మాస్టారు.

ఈ రాళ్ళు పన్నెండేళ్ళ కిందట బాగుచేయించారని ల్యాబు అటెండరు చెప్పాడు. అంటే పన్నెండేళ్ళుగా ఇక్కడ ఎవరికీ పుస్తకంలోని అంకె వచ్చి ఉండదు. అయినా అందరికీ ఇరవై మూడే.

సీసం ఎక్కడా ఊడలేదు. పదింటి మీదా నెలవంకలా చిన్న గీత చెక్కి ఉంది. అది ఎవరి గుర్తో తెలుసా? గడువు నెలాఖరు. త్వరగా రాయి.

నీ మేనకోడలు

*

ప్రియమైన మామయ్యకి,

రెండు వారాలైంది. ఒంట్లో బాగోలేదా? మీ ఊరి నుంచి వచ్చినాయన నీ దుకాణం తెరిచే ఉందన్నాడు. శుక్రవారం ఆఖరు తేదీ. మాస్టారు రోజూ అడుగుతున్నారు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

నీ మేనకోడలు

*

ప్రియమైన అమ్మలుకి,

ఆ నెలవంక నాదే. సొంత దుకాణం పెట్టకముందు ఒక పెద్దాయన దగ్గర పనిచేసేవాణ్ణి, అప్పటి గుర్తు. పది రాళ్ళూ సాయంత్రానికల్లా కావాలన్నారు. ఒకటి తూచి, ఎంత సీసం పడుతుందో చూసి, మిగతా తొమ్మిదింటికీ అంతే పోశాను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలదా అనుకున్నాను. ఆ మొదట తూచినది, నీ నాలుగోది, వేరే అచ్చులోది, పోతలోనే బరువైనది. అది నాకు తట్టలేదు.

నీ ఉత్తరం చదివిన రోజే తెలిసిపోయింది. లైసెన్సు పోతుందని భయపడ్డాను, దాచడమెందుకు. నీ ముందు చులకనైపోతానని ఇంకా భయపడ్డాను. నిన్న తూనికల ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన ముద్ర వేసిన వాంగ్మూలం ఇందులో పెట్టాను. నీ అంకె నిజం, తప్పు నాది. రికార్డుతో జతచేసి వెంటనే పంపు.

నీ మామయ్య

*

ప్రియమైన మామయ్యకి,

నీ ఉత్తరం శనివారం అందింది. శుక్రవారమే రికార్డు పంపేశాను. తిరగరాసిన రికార్డు, ఇరవై మూడు మార్కులతో. పుస్తకంలోని అంకెలు ఒక్క కొట్టివేత కూడా లేకుండా దించేశాను. అదే నాకు ఆశ్చర్యం.

సోమవారం అసలు రికార్డూ నీ వాంగ్మూలమూ పెట్టి, ముందు పంపింది అబద్ధమని రాసి పంపాను. ఇంటర్వ్యూకి పిలిచారు. గంటసేపు రాళ్ళ గురించే అడిగారు. "పదీ ఒకేలా తక్కువై, కొట్లో త్రాసు కూడా లేకపోతే ఎలా కనిపెట్టేదానివి?" అంది ఒక ప్రొఫెసరమ్మ. కనిపెట్టేదాన్ని కాదు, తీగనే తప్పుపట్టేదాన్ని అన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

నిన్న ఫలితం వచ్చింది. సీటు రాలేదు. అబద్ధపు రికార్డు పంపినందుకు ఈ ఏడాది తీసుకోలేమని, వచ్చే ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చని రాశారు. ఏడ్చాను. అమ్మ నిన్ను తిట్టబోతే ఆపాను.

కోపం నాకూ ఉంది మామయ్యా. సీసం గురించి కాదు, అది పన్నెండేళ్ళ నాటి మాట. ఆ రెండు వారాల గురించి. నువ్వు భయపడి ఊరుకున్నావు, నేను భయపడి రాసేశాను. ఇద్దరం ఒకే తానులో ముక్కలం.

రాళ్ళు సరిచేయించడానికి మాస్టారు ఒప్పుకున్నారు. ఆదివారం తెస్తున్నాను. నీ లైసెన్సు మూడు నెలలు ఆపారట కాబట్టి నువ్వు ముట్టుకోకు, పక్కన కూర్చుని నేర్పు. ఒక్కోటీ నేను తూస్తాను. బస్టాండుకి మాత్రం రా. తొమ్మిది కిలోల చిల్లర బరువు నేనొక్కదాన్నీ మోయలేను.

ఇంకా కోపంగానే ఉన్న
నీ మేనకోడలు