అమ్మ దగ్గర మిగిలిన మాట

మార్చి 3, సోమవారం

మా ఇంట్లో నన్ను గట్టిపిండం అంటారు. అదేదో పొగడ్త అనుకుంటారు పాపం. దీనికి నొప్పి తెలియదులే అన్నట్టు వినిపిస్తుంది నాకు. అమ్మకు స్ట్రోక్ వచ్చిన రోజు నేను ఏడవలేదు. ఆసుపత్రి ఫారాలు నింపాను, సంతకాలు పెట్టాను. ఆ రోజే ఖాయం చేసేశారు. అన్నయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు కాబట్టి సున్నితం. నేను ఏడవలేదు కాబట్టి అమ్మ నా వంతు.

నిజానికి ఏడుపు రాలేదు, అంతే. ఇప్పటికీ రావడం లేదు. లోపల కరెంటు పోయినట్టుంది.

ఏడు నెలలు. రోజుకు నాలుగుసార్లు మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్‌లోంచి మంచం మీదికి. షాట్‌పుట్‌లో యూనివర్సిటీ కప్పు కొట్టుకొచ్చినదానివి, నీకు ఇదీ ఒక బరువేనా అంటుంది పిన్ని. ఆ కప్పులో ఇప్పుడు అమ్మ మాత్రలుంటాయి. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ ఎక్కడుందో గుర్తులేదు.

మార్చి 5, బుధవారం

ముప్పై ఏళ్లు వార్డు మొత్తాన్ని గొంతుతోనే నడిపిన నర్సు మా అమ్మ. ఇప్పుడు ఆమె దగ్గర మిగిలింది ఒక్క మాట. ఇద్దరు.

ఎక్కువగా పొద్దున్నే అంటుంది, నేను ఆమె చంకల కింద చేతులు పెట్టేటప్పుడు. ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పేశారు. నాకు పెళ్లయి ఇద్దరు పుడితే చూడాలని ఉందట, పిన్ని తేల్చింది. ముందు ఒక్కడు దొరకనీ తల్లీ అని తనే పడీపడీ నవ్వింది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ కలిసుండాలని అమ్మ కోరిక అని అన్నయ్య గొంతు వణికింది, ఫోన్‌లో. ఉండేది రెండు వీధుల అవతలే. పాస్టర్ గారైతే దాని మీద ఒక ప్రసంగమే చేశారు, ఇద్దరు కలిసి ప్రార్థిస్తే ఎంత బలమో అని.

నేనేమో, నేనూ తనూ, మేమిద్దరమే అంటోందనుకున్నాను. కాస్త గర్వపడ్డాను కూడా.

మార్చి 6, ఉదయం 6:10

బలమియ్యి ప్రభూ. బలమియ్యి. పళ్లు తోముకోవడంలాగే ఇదీ.

మార్చి 9, ఆదివారం

వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలన్నారు పాస్టర్ గారు. దేవుడు నాకిచ్చిన బలం గురించి. స్త్రీల కూటమంతా నిన్ను చూసే ధైర్యం తెచ్చుకుంటోందమ్మా అన్నారు. సరేనండీ అన్నాను. కాదనడానికి ఓపిక కావాలి.

మార్చి 10, సోమవారం

అమ్మ పడింది.

పడిందని రాయకూడదు. నేను పడేశాను. సగం లేపాక నడుము పట్టేసింది. అమ్మ నా కాళ్ల మీదుగా నేల మీదికి జారింది. మోకాలు గీసుకుపోయింది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఎదురుగా గడియారం, కాబట్టి తెలుసు, పంతొమ్మిది నిమిషాలు. ఫోన్ చేతికందేంత దూరంలోనే ఉంది. ఎవరికీ చెయ్యలేదు. గట్టిపిండం సాయం అడగడమా?

ఇద్దరు, ఇద్దరు అంటూనే ఉంది. ఏం కావాలమ్మా నీకు అని అరిచాను. తర్వాత పళ్లు బిగించి ఎలాగో ఎత్తాను.

మార్చి 11

ఎవరికీ చెప్పలేదు. అమ్మకు పొడుగు నైటీ తొడిగాను.

మార్చి 13, గురువారం

అమ్మతో వార్డులో పనిచేసిన సిస్టర్ వచ్చింది. ఈమె కూడా రిటైరయింది, నోరు మాత్రం కాలేదు. ఏమే, ఇంకా పడుకునే ఉన్నావా, నీ డ్యూటీ కూడా నేనే చెయ్యాలా అని గుమ్మంలోంచే తిట్టింది. అమ్మ సగం మొహం నవ్వింది.

కుర్చీలోకి మార్చే వేళయింది. నేను చేతులు పెట్టాను. ఇద్దరు అంది అమ్మ.

సిస్టర్ చెబుతున్న మాట సగంలో ఆపేసింది. బ్యాగు కింద పెట్టి మంచం చుట్టూ తిరిగి అటుపక్కకు వెళ్లింది. మోకాళ్లు వంచి, అమ్మ తొడ కింద చెయ్యి దూర్చి, లెక్కపెట్టమన్నట్టు నా వైపు చూసింది. ఇదంతా ఆలోచించి చేసింది కాదు. బెల్ మోగితే తలుపు తీసినట్టు చేసింది. ఒకటి, రెండు, మూడు. అమ్మ బరువే లేదు.

తర్వాత చెప్పింది. మీ అమ్మ వార్డులో పేషెంటును ఒక్కతే ఎత్తిన నర్సు ఆ రోజు చచ్చిందన్నమాటే. ఇద్దరు అని ఒక్క అరుపు అరిచేదిలే, కారిడార్ చివర ఉన్నా పరిగెత్తుకొచ్చేవాళ్లం. కండ ఉన్న కొత్త పిల్లల్నే ఎక్కువ తిట్టేది. బక్కదానికి భయం ఉంటుంది, తోడు పిలుస్తుంది, నువ్వు పిలవవే, పేషెంటు పడేది నీ చేతుల్లోంచే అనేది.

నైటీ అంచు సర్దబోయి మోకాలు చూసింది. నన్ను చూసింది. అంచు మళ్లీ కిందికి లాగింది.

ఏడు నెలలు. పెళ్లి, ఐకమత్యం, ప్రసంగం. అమ్మ అడిగింది ఇంకొక్క మనిషిని.

మార్చి 14, శుక్రవారం

పొద్దున బలమియ్యి అనబోయి ఆగాను. అది ఎప్పుడూ ఉంది. బుద్ధియ్యి అన్నాను. జవాబు ఇన్నాళ్లూ అమ్మ నోట్లోనే పెట్టాడేమో. పెద్దగా ఏమీ అనిపించలేదు.

సాక్ష్యం చెప్పనని పాస్టర్ గారికి ఫోన్ చేశాను. బలహీనపడ్డావా అమ్మా అన్నారు. లేదండీ, కాస్త తెలివొచ్చింది అన్నాను.

అన్నయ్యకు మోకాలి సంగతీ చెప్పాను, ఆ మాటకు అర్థమూ చెప్పాను. నాలుగుసార్లు కాదు, రోజుకు రెండుసార్లే ఎత్తుదాం, ఆదివారం నుంచి పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఆరింటికి రావాలన్నాను. అమ్మనలా చూస్తే నాకు కళ్లు తిరుగుతాయే, నువ్వంటే గట్టిదానివి అన్నాడు. కళ్లు మూసుకుని పట్టుకో అన్నాను. చూద్దాంలే అన్నాడు.

మార్చి 16, ఆదివారం, ఉదయం 8:40

అన్నయ్య రాలేదు. అమ్మను పక్కకు తిప్పి వీపు వెనక దిండు పెట్టాను. మొహం తుడిచాను. స్పూనుతో పాలు పట్టాను. వీల్‌చైర్ ఖాళీగా ఉంది. ఇద్దరు అంది. అవునమ్మా అన్నాను.

పదైనా, పన్నెండైనా సరే. ఒక్కదాన్నే ఎత్తను.