విప్పని దారం

ఉత్తర విక్టోరియా, పొలం ఇల్లు,
డిసెంబరు 9.

చిరంజీవి తమ్ముడు డెస్‌కి,

అక్క దీవెనలు. అమ్మ, బెరిల్, నేను ఒంట్లో బాగానే ఉన్నాం. నాన్న ఖననం అయి నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. కల్గూర్లీ గని దుమ్ముకి నీ దగ్గు ముదరకూడదని రోజూ ప్రార్థిస్తున్నాను.

అక్టోబరులో ఆ మంగళవారం ఏ విశేషమూ లేని ఉదయం. గొర్రెలను అవతలి దొడ్డిలోకి తోలాను. అమ్మ రొట్టె కాల్చింది. మంచం దిగలేని నాన్న కిటికీలోంచి ఐరన్‌బార్క్ చెట్ల వైపే చూస్తున్నాడు. తేనెపిట్టలు పిల్లల్ని చేశాయని చెప్పగానే కెమెరా నా ఒళ్ళో పెట్టాడు.

"చెయ్యి వణికిందంటే పిట్ట బదులు దెయ్యం పడుతుంది యూనా!"

"నలభై ఏళ్ళుగా నువ్వు తీసినవాటిలో సగం దెయ్యాలేగా నాన్నా," అంది బెరిల్.

"నువ్వు నోరు మూసుకుని టీ తే. యూనా, కొమ్మ విరవకు. ఆకులు దారంతో పక్కకి కట్టు. ఫొటో అయిన మరుక్షణం విప్పు."

గూడు ఐరన్‌బార్క్ కొమ్మని పట్టి పెరిగిన బదనిక గుబురులో ఉంది. రెండు పిల్లలు. ఆకులు లాగి కట్టి, తల్లి పురుగుతో వాలగానే తీశాను. అంతలో కంచె దగ్గర్నుంచి బెరిల్ కేక: "అక్కా, నాన్నకి ఊపిరాడట్లేదు!" పరుగెత్తాను. రాత్రికి గానీ నాన్న ఊపిరి కుదుటపడలేదు.

ఆ ఫొటో పంపమనీ, పిల్లలు ఎగిరాయా అనీ అడిగావు. ఎగరలేదు తమ్ముడూ. దారం విప్పడం మరిచాను. మర్నాడు వెళ్ళేసరికి ఎండంతా గూటి మీదే ఉంది. చాటు లేక పిల్లలు గూళ్ళు దోచే కరవాంగ్ పిట్టల కంటబడ్డట్టున్నాయి, అవి ఎత్తుకుపోయాయి. తల్లి ముక్కున పురుగు పట్టుకుని కొమ్మ కొమ్మకీ తిరుగుతోంది.

"విప్పావా?" అని అడిగాడు నాన్న. విప్పానన్నాను. పన్నెండు రోజులకి "ఎగిరాయా?" అన్నాడు. ఎగిరాయన్నాను. తన పిట్టల పుస్తకంలో వంకర అక్షరాలతో రాసుకున్నాడు: 'రెండు పిల్లలు. ఎగిరాయి.' ఆ వారమే పోయాడు. దేవుడితో చెప్పుకున్నాను. మీతో చెప్పడానికే నోరు రాలేదు.

నాన్న స్మారక ప్రార్థనకి ఆ ఫొటో అచ్చు వేయిద్దామని నిన్న బెరిల్ అంది. ఇక దాచలేకపోయాను.

"పోనీలే అక్కా, పిట్టలేగా," అంది బెరిల్.

"మీ నాన్న ఉండగా ఆ మాట అనాల్సింది, తెలిసేది," అంది అమ్మ.

సాయంత్రం ముగ్గురం తేల్చుకున్నాం. ఫొటో అచ్చు వేయం, నీకూ పంపం. మన పొలంలో ఏ గూటి దగ్గరికీ ఇక కెమెరా వెళ్ళదు. నాన్న రాసింది కొట్టెయ్యం. దాని కింద, జరిగింది నేనే నా చేత్తో రాయాలి. అమ్మ పెన్సిలు చెక్కి ఇచ్చింది.

ఇట్లు,
నీ పెద్దక్క యూనా